వియ్యంకుడు గారి ఎర్రగీత

శుక్రవారం పొద్దున మా వియ్యంకుడు గారు ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని, షార్జా ఫ్లాటులో సోఫా మీదే వెళ్ళిపోయారు. వంటింట్లోంచి ఆయన భార్య, మా వదిన, "టీ చల్లారిపోతోందండీ" అని పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. మా అమ్మాయి నర్సు, అప్పుడే ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చింది. పరుగున వెళ్ళి మామగారి మణికట్టు పట్టుకుని చూసి, ఆ చేతిని మెల్లగా ఆయన ఒళ్ళోనే పెట్టేసింది.

కాగితాల పనులన్నీ తెమిలాక ఆయన్ని ఉంచిన పెట్టెను విమానంలో ఊరికి పంపాం. వదిన, మా అల్లుడు వెంట వెళ్ళారు. ఇంజను వేడి ఎంతుందో చూడందే ఎవర్నీ నేల మీంచి లేవనివ్వనని పట్టుబట్టిన మనిషి, ఆఖరికి ఎవరూ తనకి ఏ మీటరు ముల్లూ చూపించకుండానే ఎగిరి వెళ్ళిపోయాడు.

ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇండస్ట్రియల్ ఏరియాలో కార్ల ఏసీలు బాగుచేసే వర్క్‌షాపుకి ఫోర్‌మన్. వారమంతా జనాన్ని చల్లబరిచి, శుక్రవారం సెలవు రోజు మాత్రం షెడ్డులో తను ఉడికేవారు. ఇక్కడ విమానాలు నడిపిన ఇంగ్లీషు కెప్టెన్ ఒకాయనతో కలిసి, ఆ షెడ్డులో రెండు సీట్ల విమానం సొంతంగా కడుతుండేవారు. మనవణ్ణి చూసుకోవడానికి నేనిక్కడికి వచ్చిన కొత్తలో నన్నూ తీసుకెళ్ళి చూపించారు. రెక్కలు విడిగా గోడకి ఆనించి ఉన్నాయి.

"ఇది ఎగురుతుందా అన్నయ్యగారూ, లేక ఇంటికి తలుపులు చేయిస్తున్నారా?" అన్నాను.

"ఎగిరితే విమానం చెల్లెమ్మా. ఎగరకపోతే ఆ తలుపులు మీకే."

ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన నాకు ఎదురు సమాధానం చెప్పినవాళ్ళు తక్కువ. ఆ రోజు నుంచి ఆయనంటే గౌరవం.

ఇంజను ఒక నుజ్జయిన జపాను కారులోది. అందులో పిస్టన్లుండవు. పైకీ కిందకీ కొట్టుకునే బదులు, మూడు మూలల బిళ్ళలు గిరగిర తిరుగుతాయి. తేలిక, బలం. కానీ ఒళ్ళంతా వేడి. ఒక్క నీళ్ళతోనే చల్లారదు, దానిలో తిరిగే నూనెని కూడా చల్లార్చాలి. మితి మీరితే లోపలి లోహం వంగిపోతుందట. "కారైతే రోడ్డు పక్కన ఆపి బానెట్టు తెరుస్తాం. ఆకాశంలో పక్కకి ఆపడానికి చోటేదీ?" అనేవారు. ఆ మాట ఆయన నవ్వుతూ అన్నా నాకు నవ్వు వచ్చేది కాదు. ఎందుకంటే పైకెళ్ళినప్పుడు కెప్టెన్ పక్కన కూర్చుని వేడి చూపించే ముల్లు మీద కన్నేసి ఉంచే పని మా అల్లుడిది.

మా అమ్మాయిని గోళ్ళరంగు అడిగి తీసుకెళ్ళి, ఆ మీటరు అద్దం మీద ఆయనే ఒక ఎర్రగీత గీశారు. డ్యూటీలో గోళ్ళకి వేసుకోనివ్వరు గనక సీసా నిండుగానే ఉండేది. తర్వాత కోడలికి మాట ఇచ్చారు. "నడిమధ్యాహ్నం ఎండలో, నేల మీద పూర్తి వేగంతో ఇంజను తిప్పుతాం. ముల్లు ఈ గీత దాటకుండా నిలబడాలి. నిలబడందే నీ మొగుడు ఎక్కడు. నిలబడితే మాత్రం నువ్వు వద్దనకూడదు."

అమ్మాయి ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకోదు? ముల్లు ఏ వారమూ నిలబడేది కాదు మరి. కార్ల ఏసీల్లోంచి తీసిన జాలీలనే నీళ్ళనీ నూనెనీ చల్లార్చే రేడియేటర్లుగా అమర్చారు. చిన్నవి చాలక పెద్దవి పెట్టారు. వచ్చే గాలి పక్కలనుంచి జారిపోకుండా సందులన్నీ స్పాంజితో బిగించారు. "వేడిని తిడితే పోదు చెల్లెమ్మా, దానికి దారి చూపించాలి" అంటూ రేడియేటరు వెనక అరచెయ్యి పెట్టి గాలిని చూసుకునేవారు. ఎన్ని చేసినా ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చునేది.

కెప్టెన్‌కి కాంట్రాక్టు ఖలాస్, నెలాఖరుకి దేశం వెళ్ళాలి. "తెల్లారగట్ల చల్లగా ఉంటుంది. యల్లా, ఒక్క రౌండు కొట్టి దిగుదాం. కుచ్ నహీ హోగా!" అని బతిమాలేవాడు.

"చల్లగా ఉన్నప్పుడు ఎగిరేది పరీక్ష కాదు సాబ్, దొంగతనం" అనేవారు ఈయన.

పోవడానికి ముందురోజు సాయంత్రం మాత్రం షెడ్డు నుంచి ఇంటికి వింత మొహంతో వచ్చారు. కాళ్ళు కడుక్కోకుండానే కూర్చుని, "దొంగని పట్టుకున్నాను. నేనే" అన్నారు.

సంగతేమిటంటే, కారు ఇంజనుకి థర్మోస్టాట్ అని చిన్న మూత ఉంటుంది. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటరుకి పోనివ్వదు. దుబాయ్ గ్యారేజీల్లో బండి రాగానే దాన్ని పీకి పారేయడం ఆనవాయితీ, ఇక్కడ చలెక్కడ ఏడ్చింది గనక! ఈయన చెయ్యి కూడా అలవాటు కొద్దీ మొదటి రోజే దాన్ని పీకేసింది. ఈ ఇంజనులో ఆ మూతకి ఇంకో పని కూడా ఉందిట. తను తెరుచుకుంటూ పక్కనున్న అడ్డదారిని మూసేస్తుంది. అది లేకపోయేసరికి కాగిన నీళ్ళు చాలావరకు రేడియేటరు మొహం చూడకుండానే అడ్డదారిన తిరిగొచ్చేస్తున్నాయి. ఆ రోజు ఇంజను కుతకుతలాడుతుంటే రేడియేటరు మీద చెయ్యేశారట. గోరువెచ్చగా ఉందట.

"తిరిగి పెట్టేశాను. రేపు మధ్యాహ్నం చూద్దాం" అన్నారు. ఆ రేపటికే బూటు తొడుక్కుంటున్నారు.

కర్మలు ముగించుకుని, వదినని ఊళ్ళోనే ఉంచి అల్లుడు తిరిగొచ్చాడు. కెప్టెన్ ఇంకా ఇక్కడే ఉన్నాడు. "నాన్న చెప్పిన పరీక్ష చేస్తాను అత్తయ్యా" అన్నాడు, పెళ్ళాం మొహం చూడలేక నా మొహం చూస్తూ. మాట ఇచ్చి పుచ్చుకున్నవాళ్ళలో ఒకరు లేరు, ఇంకొకరు పిల్లాడి బట్టలు మడతపెడుతున్నారు.

మొన్న శుక్రవారం మిట్టమధ్యాహ్నం, ఎడారిలో మట్టి రన్‌వే మీద విమానాన్ని తాళ్ళతో కట్టి ఇంజను తిప్పారు. ఇసుక లేచింది. మనవణ్ణి ఏసీ నడుస్తున్న కారులో నిద్రపుచ్చి నేనూ అమ్మాయీ తలకి గుడ్డ చుట్టుకుని వెళ్ళి, ఆ మీటరు వైపు వంగి చూస్తూ నిలబడ్డాం. నిజం చెప్పొద్దూ, మేమిద్దరం ముల్లు గీత దాటాలనే ప్రార్థించాం. పెద్దాయన తన ఆఖరి పనిలో ఓడిపోవాలని కోరుకోవడం ఎంత పాపమో తెలిసే కోరుకున్నాం.

ముల్లు ఎక్కింది. గీత దగ్గరదాకా వచ్చింది. అక్కడ ఆగింది. పోయినాయన మాట విన్నట్టు, అంతకు పైకి కదల్లేదు.

కెప్టెన్ కళ్ళు తుడుచుకుని, ఇసుక పడిందన్నాడు. అల్లుడు సీట్లోంచి దిగకుండా మా అమ్మాయిని చూశాడు. అది చేతిసంచీలోంచి గోళ్ళరంగు సీసా తీసింది. లోపలికి వంగి, మామగారి గీతకీ ముల్లుకీ మధ్య మిగిలిన ఆ వెంట్రుకవాసి జాగాలో ఇంకో గీత గీసింది.

"అది మామయ్యగారిది. ఇది నాది. దీన్ని తాకిందా, ఎక్కడున్నా దిగిపోవాలి" అంది.

రేపు శుక్రవారం ఎగురుతారు. నా కళ్ళ ముందు మాత్రం ఆ అద్దమే ఉంది. ఆరిపోయిన గీత ఒకటి, తడిగా మెరుస్తున్న గీత ఒకటి, వాటి కింద వణుకుతూ ఆ ముల్లు.