వాల్వుల శివకుమార్

ఎమ్మిగనూరులో మా ఇంటికి పాటలు వినే వాల్వుల సెట్టు వచ్చినప్పటినుంచి దాని పెత్తనమంతా ఆదోని శివకుమార్‌దే. అరవై నాలుగేళ్ల మనిషి. ఒకప్పుడు పత్తి ప్రెస్సింగు మిల్లులో కరెంటు పని చూసేవాడు. ఇప్పుడు చుట్టుపక్కల ఎవరింట్లో గాజు వాల్వుల ఆంప్లిఫయరు మొరాయించినా ఈయన బస్సెక్కి పోవలసిందే.

సెట్టు అమర్చిన రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "గోడకు జానెడు దూరం ఉండాల సార్. మీద గుడ్డ కప్పగూడదు, ఉడికిపోతాది. స్పీకరు తీగలు తగిలియ్యకుండా స్విచ్చి ఎయ్యొద్దు. ఆపినాక సల్లారేదాకా కదిలియ్యొద్దు." ముప్పై ఏళ్లు బడిపిల్లల్ని అదిలించిన నేను చేతులు కట్టుకుని విన్నాను.

ఆయుధపూజ సంగతి మాత్రం ఆయన చెప్పలేదు. ఆ రోజు మా ఆవిడ కృష్ణాబాయి మిక్సీకి, కుట్టుమిషనుకు, స్కూటరుకు బొట్లు పెట్టి, అదే చేత్తో నాలుగు వాల్వులకూ తడి గంధం పూసి కుంకుమ అద్దింది. పక్కనే నిలబడి ముచ్చటపడ్డాను, అదీ నా తెలివి. గంధం నీళ్లు కారి వాల్వుల కింది సాకెట్లలోకి దిగాయి. స్విచ్చి వేస్తే పాటకు బదులు చిటపటలు, వాటి వెనక గుయ్యిమని ఒకటే మోత.

మరుసటి రోజే శివకుమార్ వచ్చాడు. గంధం చూసి కడుపుబ్బ నవ్వాడు. "పెట్టెకు పెట్టండమ్మా బొట్టు, వాల్వులకు వద్దు," అంటూ స్పిరిట్‌లో ముంచిన దూదితో సాకెట్లన్నీ తుడిచి ఆరబెట్టాడు. చిటపటలు పోయాయి. మోత పోలేదు.

"ఇంగ బాగుంది సార్," అన్నాడు సంచి సర్దుకుంటూ.

"ఆ మోత అట్లే ఉంది కదయ్యా?"

"యాడ సార్? ఏమీ ల్యాదే."

నేనూ కృష్ణాబాయీ మొహాలు చూసుకున్నాం. ఆయన స్పీకరుకు ఒక చెవి ఆనించాడు, తల తిప్పి రెండోదీ ఆనించాడు. తర్వాత నేలమీద కూలబడ్డాడు.

"ఏడాదైంది సార్, సన్న సప్పుళ్లు వినపడ్డం ల్యా. ఎవరికీ సెప్పలా. సెవిటోని సేతికి పాటల పెట్టె ఎవరిస్తారు? ఈ పని పోతే నేను బతికి ఏం జేసేది?"

కృష్ణాబాయి, "ఇంట్లో ఆమెకన్నా చెప్పినావా అన్నా?" అని అడిగింది. లేదన్నట్టు తలూపాడు. "ముందు ఆ పని చెయ్యి పో," అని కాఫీ ఇచ్చి మరీ గదిమి పంపింది.

మూడో రోజు భార్య గౌరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె వస్తూనే అందుకుంది. "ముప్పై ఏండ్లు వంటింట్లో కూకోని ఈయప్ప సెట్ల మోతలన్నీ ఇన్న్యాను. యా మోత యాడిదో నాకు తెలవదా? ముందే సెప్పింటే ఏం పోయింటాది?"

వాల్వులు వేడెక్కేదాకా అయిదు నిమిషాలు ఆగాం. గౌరి మాచేత ఫ్యాను ఆపించి స్పీకరు ముందు కళ్లు మూసుకుని కూర్చుంది. ఆయన సెట్టు వెనక మోత తగ్గించే చిన్న మరను వెంట్రుకవాసి తిప్పడం మొదలుపెట్టాడు.

"ఇంగా ఉంది... తగ్గింది... ఎక్కువ తిప్పినావు, ఎనక్కి రా... ఆ, ఆడే ఆపు!"

గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. వీణ రికార్డు పెడితే తీగ మీద వేలు జారడం కూడా వినిపించింది. కృష్ణాబాయి సంబరపడిపోయి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసింది.

తింటుండగా శివకుమార్ ఫోను మోగింది. హొళగుందలో ఎవరిదో సెట్టు పాడైందట. ఆయన "ఆ? ఏమంటివి?" అని రెండుసార్లు అడిగాడు. గౌరి చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు. మా వంక ఒకసారి చూసి ఫోనులోకి గట్టిగా చెప్పాడు.

"నాకు సెవులు సరిగా వినపడవప్పా. మా ఇంటామె ఇంటాది, నేను బాగుజేస్తాను. ఇద్దరం రావాలంటే సెప్పు, వస్తాం."

అప్పుడు ఫోను ఆమెకిచ్చాడు. ఆమె వింటున్నంతసేపూ ఆయన చేతిలో బజ్జీ అట్లాగే ఉండిపోయింది.

"రేపు పొద్దున బస్సుకే ఇద్దర్నీ రమ్మంటాండారు," అంది గౌరి.

శివకుమార్ బజ్జీ కొరికాడు.