నాలుగు హద్దులూ కోటకట్టే

శంషాబాద్ దగ్గర ఒక మట్టికోట ఆనవాళ్లున్నాయని చెబితే మా అల్లుడు, "మట్టిదిబ్బ చూడటానికి ఎవరైనా పోతారా అత్తయ్యా? మోకాళ్లు చూసుకోండి" అన్నాడు. మోకాళ్లు నావి. మర్నాడు ఉదయం ఆరున్నరకు మెహిదీపట్నంలో బస్సెక్కాను. విమానాశ్రయం వచ్చి రెండేళ్లయింది కాబట్టి బస్సులకు కొదవలేదు. ఏడున్నరకల్లా శంషాబాద్‌లో దిగాను.

"కోటనా? గోల్కొండ గిటు కాదమ్మా, ఉల్టా వచ్చిండ్రు" అన్నాడు ఆటో డ్రైవరు. మహేశ్వరం వైపున్న మట్టికోట అన్నాక, "గా దిబ్బనా? ఆడ గడ్డి తప్ప ఏముంది?" అని నవ్వి, రానుపోను మూడు వందలకు ఒప్పుకున్నాడు.

అక్కడ రాయి ఒక్కటీ లేదు. గుండ్రంగా కందకం, తవ్విన మట్టిని లోపలివైపు పోసి లేపిన కట్ట, దాని మధ్య జొన్నచేను. కట్టపై చుట్టూ తిరిగితే నా నడకకు నాలుగు వందల పన్నెండు అడుగులు పడ్డాయి. పడమర వైపు కట్ట సగమే ఉంది. ఎందుకని చేను యజమాని బాలమ్మను అడిగాను.

"మా మామ తోలిండు. పాతమన్ను ఏస్తే పంట మంచిగొస్తదని ఎండకాలమొస్తే బండ్లకెత్తేటోడు" అంది, దాచకుండా.

మేం మాట్లాడుతుండగానే జేసీబీ వచ్చింది. చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. ఈ కట్ట తవ్వి, ఆ మట్టితో కందకం పూడ్చి రోడ్డు వేస్తారట. లోపలి ముప్పై గుంటల చేను మాత్రం బాలమ్మ అమ్మలేదు. కట్ట పోతే తన భూమి ఎక్కడిదాకో చూపడానికి ఆమెకు మరే గుర్తూ లేదు. వెళ్లి జేసీబీ ముందు కట్టపై కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

"అవ్వా, జర పక్కకు జరుగుండ్రి" అన్నాడు ప్లాట్ల సూపర్‌వైజరు.

బాలమ్మ ప్లాస్టిక్ కవరులోంచి భూమి కాగితం తీసింది. వారం నుంచి వెంట పెట్టుకునే తిరుగుతోందట. "నాకు సదువు రాదు. గట్టిగ సదువమ్మా" అంది. చదివాను. తూర్పు కోటకట్ట, పడమర కోటకట్ట, ఉత్తరం కోటకట్ట, దక్షిణం కోటకట్ట.

"పాత కాయితమమ్మా గది" అన్నాడు అతను.

"పాతదే. రద్దయిందని ఇంకో కాగితం చూపించండి, లేచిపోతాం" అన్నాను.

అతని దగ్గర లేదు. ఇంజను ఆపించి, "రేపొస్తం" అన్నాడు.

"రా బిడ్డా. రేపు గూడ ఈడనే ఉంట" అంది బాలమ్మ.

ఈ కోట ఎవరు కట్టారో ఊళ్లో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. ఏ సైన్యాన్నయినా ఆపిందో లేదో చెప్పలేను. ఆ రోజు పదిన్నరకు ఒక జేసీబీని ఆపడం మాత్రం కళ్లారా చూశాను. ఈ కోటను ఇంకా దిబ్బ అనేవారు నా ఎదుట అనవద్దు.

వెళ్లేవారు ఎనిమిదిన్నరలోపు చేరండి. ఏటవాలు ఎండలో కందకం లోతు స్పష్టంగా తెలుస్తుంది. పొద్దెక్కితే అంతా చదునుగా కనిపిస్తుంది.