పద్మావతి గారి చెయ్యి మంచిదే

ఒక మాట చేపముల్లులా గొంతులో ఇరుక్కుని చాలా ఏళ్ళయిందండి. మింగలేను, కక్కలేను. మా ఆవిడక్కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీకు చెప్పేస్తున్నాను.

అప్పట్లో భీమవరం పక్కన ఒక రొయ్యల మేత కంపెనీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. మాకో పెద్ద సర్వర్ ఉండేది. బిల్లింగు, స్టాకు, జీతాలు, అన్నీ దాని లోపలే వేరువేరు సర్వర్లుగా నడిచేవి. వాటి డేటా మాత్రం పక్కనున్న స్టోరేజీ పెట్టెలో ఉండేది. ఆ రెంటికీ మధ్య రెండు కేబుళ్ళు. ఒక దారి పోతే రెండో దారిలో పని సాగాలని ఆ ఏర్పాటు.

దసరా ముందు సర్వర్ నెమ్మదించింది. తేడా ఏ దారిలో ఉందో చూద్దామని నల్ల స్క్రీను మీద కమాండు కొట్టి ఒక దారి ఆపేశాను. ఏమీ తేలలేదు. మళ్ళీ ఆన్ చెయ్యాలి. ఒక్క లైను కొడితే అయిపోయేది. కొట్టలేదు. టీకి ఎవరైనా పిలిచారో, ఫోనొచ్చిందో... ఏమోనండి.

ఆయుధపూజ రోజొచ్చింది. మా ఆఫీసు మేనేజరు పద్మావతి గారు ఏటా ఆ రోజు మిషన్లన్నీ శుభ్రంగా తుడిచి, తూకం కాటా దగ్గర్నుంచి నా సర్వర్ దాకా అన్నిటికీ బొట్లు పెట్టేవారు. ఆవిడ బొట్టు పెట్టందే లారీ డ్రైవర్లు బండి కదిపేవారు కాదు. మేడం గారి చెయ్యి మంచిదని వాళ్ళ నమ్మకం. నాకు ఒళ్ళు మండేది. సర్వర్‌కి కుంకుమేంటండీ, నా మొహం! పైకి మాత్రం నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఆ పొద్దున ఆవిడ తడిగుడ్డతో వచ్చి, వెనకాల దుమ్ము తుడవాలి, ఈ తీగ తియ్యొచ్చా అని అడిగారు. ఒకటి తీసినా ఏం కాదండి, రెండోది ఉందిగా అన్నాను. ఆవిడ తీసింది బతికున్న దాన్నే. ఇంకోటి తీసుంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

అన్నీ ఆగిపోయాయి. ఆవిడ కంగారుగా తీగ మళ్ళీ పెట్టేశారు గానీ, స్టాకు ఫైళ్ళు అప్పటికే పాడైపోయాయి. బిల్లులు రాక మేత లారీలు గేటు దగ్గరే నిలిచిపోయాయి. మేత అందకపోతే చెరువులో రొయ్యలు ఒకదాన్నొకటి తినేస్తాయండి. రైతులొచ్చి నోటికొచ్చినట్టు తిట్టారు. ఈలోగా నేనేం చేశానో తెలుసా? ఎవరూ చూడకుండా ఆ ఒక్క లైను కొట్టేశాను. రెండు దారులూ భేషుగ్గా ఉన్నాయి ఇప్పుడు!

ఓనరు గారొచ్చి తడిగుడ్డ చూసి ఎగిరిపడ్డారు. పద్మావతి గారు నా వైపు తిరిగారు.

"మీరే కదండీ తియ్యొచ్చన్నారు?"

"నేనెందుకంటానండీ?"

అంతే. ఆవిడ ఉద్యోగం పోయింది. మంచి చెయ్యన్న డ్రైవర్లే సర్వర్ని చంపిన చెయ్యన్నారు.

అబద్ధమాడానని నాకు తెలుసు. తెలియనిది దానికి ముందు సంగతి. తియ్యండి అన్నప్పుడు, రెండో దారి ఆపేశానన్నది నాకు గుర్తుందా? ఒట్టేసి చెబుతాను, లేదు. మళ్ళీ ఒక్కోసారి, ఆవిడ తీగ మీద చెయ్యి వేస్తుంటే నేను ఊపిరి బిగబట్టి చూసినట్టు గుర్తొస్తుంది. నిజంగా చూశానా? ఇన్నేళ్ళు తలుచుకుని తలుచుకుని నేనే కల్పించుకున్నానా? బొట్టంటే చిరాకున్న మాట నిజం. ఆ చిరాకు ఎంతదాకా పోయిందో నాకే అంతుబట్టడం లేదండి.

ఆమధ్య పాలకొల్లులో ఒకరింట్లో పెళ్ళిపనులు మొదలెడుతుంటే ఆవిడ కనిపించారు. పసుపు దంచడానికి పెద్ద ముత్తైదువ మీరే, ముందు రోకలి పట్టండి అని అందరూ బతిమాలుతున్నారు. ఆవిడ చేతులు వెనక్కి లాగేసుకున్నారు. నా చెయ్యి తగిలితే జరిగేవి కూడా ఆగిపోతాయమ్మా అన్నారు. ఇంతలో నన్ను చూసి, కావాలంటే ఈయన్ని అడగండి, ఈయనకి తెలుసు అన్నారు. వేళాకోళంగానే అన్నారు. వాళ్ళంతా నవ్వారు.

నేనూ నవ్వానండి.

ఆవిడ చెయ్యి మంచిదే. ఆ దారి ఆపింది నేను. అక్కడ అనాల్సిన మాట ఇక్కడ మీతో అన్నాను. నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆవిడ మాత్రం ఇంకా రోకలి ముట్టుకోరు.