అతుకు తెలియని కోత

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరి నోటా తిట్టు వినపడకూడదు. ఛీ అన్నా మా పెదనాన్న కళ్ళెర్రజేసేవాడు. ఆయన బెంగళూరులో రేడియో స్టేషన్‌లో టేపులు కోసి అతికే పని చేసేవాడు. జనం మాట్లాడిన మాటల్లో రేడియోలో రాకూడనివి కొన్ని ఉంటాయి కదా, బూతులూ, శాపనార్థాలూ, పేరు పెట్టి ఫలానావాడు ఇలా చేశాడని నిందించడాలూ. ఆ చోట్ల టేపును బ్లేడుతో కోసేసి, మిగిలిన ముక్కల్ని సన్నటి జిగురు పట్టీతో కలిపేవాడు. ఆయన కలిపితే ఎక్కడ కోశాడో ఎవరూ పట్టుకోలేరు. ఆ సంగతి చుట్టాలొచ్చినప్పుడల్లా ఆయనే చెప్పేవాడు, మేమంతా మొదటిసారి విన్నట్టు తలలూపేవాళ్ళం.

వారానికోసారి కూలిపనివాళ్ళ కోసం తెలుగులో అరగంట కార్యక్రమం వచ్చేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మహదేవపుర వైపు ఒక ఫ్యాక్టరీ కడుతుంటే పునాది గుంటలో మన్ను కూలి ఒకాయన పోయాడు. మడకశిర నుంచి భార్యతో కూలికి వచ్చిన మనిషి. గుంట అంచు పగుళ్ళిచ్చిందని ముందురోజే పనివాళ్ళు మొత్తుకున్నా వినకుండా మేస్త్రీ తిట్టి దింపాడట. రేడియోవాళ్ళు అతని భార్యతో మాట్లాడించి టేపు తెచ్చారు. ఆమె మాటకొక బూతు పెట్టి, ప్రతి బూతుకూ మేస్త్రీ పేరు కలిపి మాట్లాడింది. మొగుణ్ణి మట్టిలోంచి తవ్వి తీసిన వారానికి ఇంకెలా మాట్లాడుతుంది?

పెదనాన్న ఆ టేపు ముందు రెండు పూటలు కూర్చున్నాడు. బూతులు తీశాడు, పేరు తీశాడు. బూతుకు ముందు ఆమె పీల్చిన ఊపిరీ, తర్వాత పొంగుకొచ్చిన ఏడుపూ ఉంచితే అతుకు బయటపడుతుందని వాటినీ తీశాడు. చివరికి మిగిలింది ఇంతే. మా ఆయన గుంటలోకి దిగినాడు, మన్ను పడింది, పోయినాడు, పెద్దోళ్ళు సూడాల. ఆదివారం పొద్దున మేమంతా రేడియో చుట్టూ చేరి విన్నాం. ఎంత చక్కగా చెప్పింది పాపం అంది మా పెద్దమ్మ. నాకూ అలాగే అనిపించింది, అబద్ధమెందుకు.

బుధవారం ఆమె స్టేషన్‌లో అడ్రసు కనుక్కుని మా ఇంటికి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. లోపలికి రమ్మన్నా రాలేదు. తిడుతుందేమోనని నేను తలుపు వెనక్కి నక్కాను. ఆమె తిట్టలేదు.

"గొంతు నాదే ఉండాది సామీ. మాట నాది కాదు. నేనట్ల సెప్పలే," అంది.

కూలీల షెడ్లలో ఆమెతో పాటు ఉండేవాళ్ళంతా రేడియో విన్నారు. మొగుడు పోయిన మనిషి అంత చల్లగా మాట్లాడిందంటే మేస్త్రీతో లోపాయికారీగా రాజీ పడిందని తేల్చేశారు. కుళాయి దగ్గర ఆమె బిందెను పక్కకు జరిపేస్తున్నారట. సోమవారం లేబర్ ఆఫీసులో విచారణ. మేస్త్రీయే బలవంతంగా దింపాడని సాక్ష్యం చెబుతామన్నవాళ్ళు ఇప్పుడు ఆమె మొహం చూడటం లేదు.

రూలు అలా ఉందమ్మా అని పెదనాన్న అనవచ్చు. అది నిజం కూడా. కానీ ఆయన, "తప్పు నాదేనమ్మా. రూలు ప్రకారమే చేసినా తప్పు నాదే," అన్నాడు. ఆయన ఎవరితోనైనా అలా అనడం నేను వినడం అదే మొదటిసారి.

కోసి తీసిన ముక్కల్ని కొన్నాళ్ళు కవరులో దాచి ఉంచడం స్టేషన్‌లో పద్ధతి. పెదనాన్న వాటన్నిటినీ వరసగా తిరిగి టేపులో అతికించాడు. ఆ ఆదివారం, ఎవరినీ అడక్కుండా, స్టేషన్‌కు చెందిన, బ్యాటరీతో నడిచే టేపు యంత్రాన్ని సంచీలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. ఈ మాటలు నువ్వు వినొచ్చు, అనకూడదు అని దారిలో ఒక్కటే చెప్పాడు.

రేకుల షెడ్ల మధ్య, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఇటుకల మీద యంత్రం పెట్టి నడిపించాడు. అన్ని బూతులు నేను అప్పటిదాకా వినలేదు. ఒక్కరూ నవ్వలేదు. ఆమె ఊపిరీ, ఏడుపూ, మేస్త్రీ పేరూ అన్నీ వచ్చాయి. అతికిన చోటల్లా టక్కుమని చప్పుడైంది, ఈసారి ఆయన దాన్ని దాచాలని చూడలేదు. టేపు అయిపోయాక, రేడియోలో వచ్చింది ఈమె మాట కాదు, కోసింది నేను అని అందరి ముందూ ఒప్పుకున్నాడు. అప్పటిదాకా దూరంగా నిలబడిన ఒకావిడ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

కథైతే ఇక్కడ అంతా మంచే జరగాలి. సోమవారం సాక్ష్యానికి ఇద్దరే వెళ్ళారు. మిగిలినవాళ్ళను తెల్లవారేసరికే మేస్త్రీ లారీ ఎక్కించి, ఊరవతల అత్తిబెలెలో ఇంకో పనికి తరలించేశాడు. వాడికేమీ కాలేదు. ఆమె ఊరికి వెళ్ళిపోయిందని విన్నాం. యంత్రం బయటికి పోయిన సంగతి తెలిసి, పెదనాన్నను సామాన్ల గదిలోకి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే లెక్కకు రాని మనిషిలా ఉండిపోయాడు. తన పనితనం గురించి చుట్టాల ముందు మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

రూలు తప్పని నేను ఈనాటికీ అనను. పిల్లలు వినే రేడియోలో బూతులు రావాలని ఎవరు కోరుకుంటారు? ఇప్పుడు టీవీలో తిట్టు వచ్చిన చోట కుయ్యిమని మోత పెడతారు. మా మనవరాలు పకపకా నవ్వుతుంది. ఇక్కడ ఒక మాట తీసేశామని వీళ్ళు చెబుతున్నారు, అంతవరకు నయం అనుకుంటాను నేను.

మా అపార్ట్‌మెంట్ సంఘంలో ఫిర్యాదులు రాసుకునే పని నాది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళూ, వాచ్‌మన్‌లూ వచ్చి ఏడుస్తూ, తిడుతూ చెబుతారు. నేను బూతు రాయను. ఇక్కడ తిట్టింది అని రాస్తాను, ఇక్కడ మాట పెగల్లేదు అని రాస్తాను. ఇవన్నీ ఎందుకండీ, శుభ్రంగా రాయండి అని సెక్రటరీ విసుక్కుంటాడు. శుభ్రంగా రాస్తే ఆ మనిషి పక్కన ఒక్కరూ నిలబడరని నాకు తెలుసు.