తొమ్మిదో రూలు, నా మీసం

ఆ రోజుల్లో ఉద్యోగం రావడం కన్నా మీసం రావడమే కష్టంగా ఉండేది, కనీసం నా విషయంలో. ఇరవై రెండేళ్లకే దేవరకొండలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల సారుగా కుదిరాను. మొదటి రోజు గేటు దగ్గర అటెండరు నా భుజం మీద చెయ్యి వేసి, "ఏ క్లాసు బాబూ? గంట కొట్టిండ్రు, లోపలికి నడువు" అన్నాడు. పదో తరగతి వెనక బెంచీవాళ్లలో ఇద్దరికి నాకంటే ఒత్తుగా మీసాలుండేవి. వాళ్లను నిలబెట్టి సిద్ధాంతాలు అడుగుతుంటే నాకే ఎవరో నన్ను నిలబెట్టినట్టుండేది. ఆర్నెల్లు ఆముదం రాసి, దువ్వెన పెట్టి, పొద్దున సాయంత్రం అద్దంలో చూసుకుని ఎలాగో ఒక మీసం తెప్పించుకున్నాను. అది వచ్చాక పిల్లలు నాకు భయపడడం మొదలుపెట్టారు (జాలిపడి భయపడినట్టు నటించారేమో, ఇప్పుడు అనిపిస్తోంది). కాబట్టి అది నాకు అందం కాదు, కొలువు నిలబెట్టే వస్తువు. ఇది ముందే చెప్పకపోతే నేను పోగొట్టుకున్నదేమిటో మీకు అర్థం కాదు.

బడి అయిపోగానే దర్జీ భాయ్ దుకాణంలో చేరేవాణ్ణి. దర్జీ భాయ్ నా ఈడువాడే. వాళ్ల అబ్బాజాన్ కాలం నాటి కుట్టు మిషన్, ఒక రేడియో, రోజూ మొదటి బస్సుకు వచ్చే పేపరు, ఇవీ ఆ దుకాణం ఆస్తులు. మూడోవాడు బావ. ఎవరికీ వరుసకు బావ కాదు, ఊరందరూ బావ అనేవాళ్లు. వాళ్లింట్లో గొర్ల మంద ఉండేది. బావ మీసం మాత్రం ఖిల్లా ఎక్కి చూసినా కనబడుతుందని చెప్పుకునేవారు. మేం ముగ్గురం కలిసి కాగితం మీద క్రికెట్ ఆడేవాళ్లం. అంటే ప్రపంచంలోని ఆటగాళ్లలోంచి తలా ఆరుగురిని ఏరుకోవడం, వాళ్లు ఎక్కడో సముద్రాల అవతల కొట్టిన పరుగులను పేపర్లో చూసి మా నోటుబుక్కులో మా పేరున రాసుకోవడం. ఆ ఆటగాళ్లకు మేమున్నామని తెలియదు. అయినా వాళ్లు సున్నాకు ఔటైతే భాయ్ ఆ రోజు ఎవరి లాగుకు కాజాలు కుట్టినా వంకరే.

మొదటి సీజన్లో రూల్సేమీ లేవు. ముగ్గురికీ అదే ఒక్క ఆటగాడు కావాలి. దాని మీద బావా భాయీ వారం రోజులు మాట్లాడుకోలేదు. మధ్యలో నేను ఇటు మాట అటు మోసి కాళ్లు అరగదీసుకున్నాను. రెండో సీజను ముందు ఒక ఆదివారం పొద్దున వంద పేజీల కొత్త నోటుబుక్కు కొనుక్కుని దుకాణానికి వెళ్లి, "ఈసారి అంతా కానూన్ ప్రకారం నడవాలి" అని ప్రకటించాను. (ఆ రోజు నుంచి నా పేరు కానూన్ సారు.) అందరూ ఒకరి మీదే పడకుండా ఒక షరతు పెట్టాలన్నాను. భాయ్ ఎడమచేతివాళ్లనే తీసుకుందామన్నాడు. బావేమో పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లనే తీసుకుందామన్నాడు. నేను గొంతు సవరించుకుని, మీసాలున్నవాళ్లనే తీసుకుందామన్నాను. కొత్తగా మీసం వచ్చినవాడికి లోకమంతా మీసాల్లోనే కనబడుతుంది.

మొదటి రూలు: పేపరు ఫొటోలో మీసం కనబడాలి. బావ పేపరు ఎత్తి వెలుతురుకు పట్టి, "గీ ఫొటోల అందరికీ మీసాలే ఉన్నయి కదరా. గా అంపైరుకు సుత ఉన్నది. సిరా అంటింది" అన్నాడు. అనుమానం వస్తే ముగ్గురిలో ఇద్దరి మాట చెల్లాలని రెండో రూలు రాశాను. మూడో రూలు నేనే ఆలోచించాను: ఇంత శ్రమపడి రూల్సు రాసినవాడు మొదట ఏరుకోవాలి. భాయ్ కత్తెర కింద పెట్టాడు.

"అరే సారూ, గిదేం ఇన్సాఫ్? చీటీలు ఏద్దాం."

"చీటీలంటే అదృష్టం. ఇది విజ్ఞానం" అన్నాను. అలాంటి మాటలు అప్పట్లో నాకు వద్దన్నా వచ్చేవి.

బావే సర్ది చెప్పాడు. "పోనియ్ రా. మొదాలు ఈడు, రెండు నువ్వు, మూడు నేను. మళ్ల అక్కడ్నుంచి నాగలి మళ్లినట్టు నేను, నువ్వు, ఈడు. సాలెంబడి సాలు వోతే ఎవనికీ అన్యాలం కాదు." అది నాలుగో రూలు. మొత్తం నోటుబుక్కులో బుద్ధి ఉన్న రూలు అదొక్కటే, అది నేను రాసింది కాదు. ఐదూ ఆరూ ఏడూ పరుగులకు, వికెట్లకు, క్యాచులకు ఎన్ని పాయింట్లో చెప్పేవి. ఎనిమిదో రూలు ప్రకారం పేపరు వచ్చిన రోజు సాయంత్రం ఆరులోపు ఎవరి పాయింట్లు వారు రాసుకోవాలి, ఆలస్యమైతే చెల్లవు. తొమ్మిదోది వచ్చేసరికి నాలో దుర్బుద్ధి పుట్టింది. బావ మీసం నా కళ్లలో పడింది. 'ఏరుకున్న ఆటగాడు సీజను మధ్యలో మీసం తీసేస్తే, ఏరుకున్నవాడు కూడా తన మీసం తీసేయాలి' అని రాసి ఎర్ర సిరాతో కింద గీత గీశాను. బావ కన్నేసిన ఆటగాడు పూటకో వేషం వేసే మనిషని నాకు తెలుసు.

బావ తన మీసాన్ని చేత్తో మూసుకున్నాడు. "మా నాయిన నన్ను ఇంట్లకు రానియ్యడు."

భాయ్ కూడా, "నాకైతే ఫికర్ లేదు. మీ దాంట్ల బాపు ఉండంగ మీసం తియ్యరు కద సారూ? తీస్తే వేరే తీరు అనుకుంటరు" అన్నాడు. తండ్రి పోతేనే కొడుకు మీసం తీయించుకుంటాడు. ఇది మా వైపు పసిపిల్లలకూ తెలుసు. నాకు చెప్పింది భాయ్. నేను వాళ్లిద్దరికీ మూఢనమ్మకాల మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. బల్ల కూడా గుద్దాను. అలిసిపోయి సరేనన్నారు.

మూడో రూలు పుణ్యమా అని మేం 'చీపురు మీసం' అని పిలిచే ఒక పరదేశపు బ్యాట్స్‌మన్‌ను నేను ముందే ఎగరేసుకుపోయాను. ఇక నా దర్పం చూడాలి. ఒకరోజు బస్సు దారిలో చెడిపోయి పేపరు ఆరున్నరకు వచ్చింది. అందులో భాయ్ ఆటగాడు సెంచరీ కొట్టాడు. "ఎనిమిదో రూలు" అని ఆ వంద పరుగులూ అడ్డగీత పెట్టి కొట్టేశాను. "బస్సు ఖరాబైతే నేనేం చేస్త సారూ?" అని భాయ్ అడిగిన తీరు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నేను రూలు వేలితో చూపించి లేచి వచ్చాను.

రెండు వారాల తర్వాత ఆదివారం పేపర్లో చీపురు మీసం ఫొటో పడింది. చీపురు లేదు. పైపెదవి మా బడి నల్లబల్ల కంటే నున్నగా ఉంది. భాయ్ ఆ ఫొటోను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "సిరా తక్కువ వడ్డదేమో" అన్నాడు. బావ వెంటనే, "నాకైతే మీసం కనవడ్తనే ఉంది. ఇద్దరి మాట చెల్లుతది కద, రెండో రూలు" అన్నాడు. వందా పోగొట్టుకున్నవాడు, మీసం మీద గురిపెట్టించుకున్నవాడు కలిసి నన్ను కాపాడుతున్నారు. ఆ మాట పట్టుకుని బతికిపోవాల్సింది. వాళ్ల దయ నాకు కారం రాసినట్టు మండింది. "రూలంటే రూలే" అని నేరుగా మంగలి దుకాణానికి వెళ్లాను. ఆయన కత్తి ముడిచి పెట్టేసి, "బాపు మంచిగుండంగ నా చేత్తోటి తియ్య సారూ. ఇంకో జాగా చూసుకోండ్రి" అన్నాడు. ఇంకో జాగా వెతకలేదు. మర్నాడు పొద్దున కిరాయి గదిలో నేనే గీసుకున్నాను. అద్దంలో గేటు దగ్గరి ఆ బాబు మళ్లీ కనబడ్డాడు.

ఎవరైనా అడిగితే విజ్ఞానం గురించి చెబుదామని జవాబు సిద్ధం చేసుకునే బడికి బయలుదేరాను. ఎవరూ అడగలేదు. ఇంటి ఓనరమ్మ నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అటెండరు టోపీ తీశాడు. హెడ్మాస్టరు నా రెండు చేతులూ పట్టుకుని వదలలేదు, వారి నాయిన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదట. కళ్లలో నీళ్లు తిరుగుతున్న మనిషికి దర్జీ దుకాణమూ చీపురు మీసమూ ఎలా చెప్పను? చెబుదామని నోరు తెరిచేలోపే గంట కొట్టించి, పిల్లలను నిలబెట్టి, రెండు నిమిషాలు మౌనం పాటింపజేశారు. మా బాపు కోసం నేను కూడా తల వంచుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంత పిరికి పని మరొకటి లేదు. తర్వాత బడికి సెలవిచ్చారు. వెనక బెంచీవాళ్లిద్దరూ వచ్చి, "ఇగ అల్లరి చెయ్యం సార్" అని మాటిచ్చి, గేటు దాటగానే ఎగిరి గంతులేశారు.

దారిలో మా ఊరాయన ఒకాయన, విత్తనాల కోసం వచ్చినవాడు, రోడ్డు అవతల నుంచి నా మూతి చూశాడు. పలకరించకుండానే తువ్వాలు కళ్లకద్దుకుంటూ ఊరి బస్సెక్కేశాడు. వెనక పరుగెత్తాను. బస్సు అందలేదు.

మధ్యాహ్నం బస్సుకు బాపు దిగాడు. గదిలోకి వచ్చి, నులక మంచం మీద కూర్చుని, నా మూతి వైపు చూశాడు.

"నన్ను ఎప్పుడు కాలవెట్టినవ్ బిడ్డా? జర చెప్తే నేను సుత వస్తుంటి కద."

నేను నోటుబుక్కు తీసి మొత్తం చదివి వినిపించాను. బాపు కళ్లు మూసుకుని విన్నాడు.

"గా తొమ్మిదోది రాసిందెవరు?"

"నేనే."

"మొదాలు ఏరుకున్నదెవరు?"

"నేనే బాపూ."

బాపు తల ఊపాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మీ మేనత్త వాకిట్ల వడి ఏడుస్తాంటే, నేను బతికే ఉన్ననని నేనే చెప్పుకున్న. చెప్తె సుత నమ్మలే, ముట్టి చూసింది." నా పైపెదవి వైపు వేలు చూపించాడు. "గా మీసం నీదనుకుంటున్నవ్. నీది కాదురా, నాది. నేనున్నన్ని దినాలు నీ మూతి మీదుంటది. నేను వొయిన్నాడు నాతోనే వోతది." నాకు ఏడుపొచ్చింది. సిద్ధం చేసుకున్న విజ్ఞానమంతా ఎక్కడికి పోయిందో తెలియదు.

అప్పుడే తలుపు చప్పుడైంది. హెడ్మాస్టరు అరటిపండ్లు పట్టుకుని పరామర్శకు వచ్చారు. తలుపు తీసింది బాపు. "వీరి నాయినగారు పోయిండ్రని..." అని ఆయన గొంతు తగ్గించి అన్నారు.

"పోయినోన్ని నేనే సారూ. లోపలికి రాండ్రి, చాయ్ తాగుదురు" అన్నాడు బాపు.

హెడ్మాస్టరు లోపలికి వచ్చి కూర్చుని, ఆ నోటుబుక్కు మొత్తం చదివారు. నాలుగో రూలు బాగుందన్నారు. మర్నాడు ప్రార్థనలో లెక్కల సారు నాయినగారు క్షేమమని ప్రకటించారు. నిజం చెప్పాలంటే పిల్లలు కొంచెం నిరుత్సాహపడ్డారు. నేను భాయ్ దుకాణానికి వెళ్లి కొట్టేసిన వంద పరుగులూ తిరిగి రాసిచ్చాను. ఆ సీజను భాయే గెలిచాడు. మళ్లీ వచ్చిన నా మీసం బాపు ఉన్నన్నాళ్లూ కత్తి చూడలేదు.

చాలా ఏళ్ల తర్వాత బాపు నిజంగానే పోయాడు. కర్మ నాడు కత్తి పైపెదవికి తగిలినప్పుడు, మాటిచ్చినట్టే తీసుకుపోతున్నాడు అనుకున్నాను. సాయంత్రం దర్జీ భాయ్ వచ్చాడు, గడ్డం తెల్లబడింది. నా మూతి చూసి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకున్నాడు. "ఈసారి కానూన్ ప్రకారమే సారూ" అన్నాడు. అంతమందిలో నేను నవ్వాను, నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చాను.

ఇప్పుడు నా మీసం మళ్లీ పెరిగింది, సగం తెలుపు. మా అబ్బాయి మాత్రం మూతి నున్నగా గీసుకుని నా ఎదుటే తిరుగుతుంటాడు. ఒక్కోసారి "ఒరేయ్, అది నాది" అందామని నోటిదాకా వస్తుంది. అనను. రూల్సు రాయడం ఎప్పుడో మానేశాను.