అమ్మ వేసిన అల

జగిత్యాలలో డ్రాయింగ్ టీచర్‌గా పనిచేస్తూ, సెలవుల్లో ఎవరైనా అడిగితే బొమ్మలు వేసిస్తుంటాను. పోయిన ఎండాకాలం కోరుట్లలో ఒక డాక్టరమ్మ తన ఆసుపత్రి హాల్లోకి సముద్రపు అలల బొమ్మ పెద్దది కావాలంది. నేను సముద్రం చూడలేదు. ఫోన్‌లో ఫోటోలు ముందు పెట్టుకుని వేశాను. నీలాలూ తెలుపులూ ఎన్ని కలిపినా అలలు ఇస్త్రీ చేసిన చీర కుచ్చిళ్లలా బిగుసుకుపోయాయి.

అప్పుడు అమ్మ వీర్నపల్లి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఎన్నడూ బ్రష్షు పట్టని మనిషి. ఓ మధ్యాహ్నం నేను వంటింట్లోంచి టీ తెచ్చేసరికి, గోడలకు సున్నం వేసే వెడల్పాటి బ్రష్షుతో నా కాన్వాసు మీద నల్లటి ఆకుపచ్చ కొడుతోంది. చెయ్యి భుజం నుంచి లేచి, వంపు తిరిగి, దబ్బున కిందికి పడుతోంది. టీ నా కాళ్ల మీద ఒలికింది.

"అమ్మా! ఏం జేస్తున్నవే? అంత ఖరాబ్ అయిపాయె!"

"గిట్ల మెల్లగ రాదు బిడ్డా అది. మీదికస్తది," అంది ఆగకుండానే.

"నీకెట్ల ఎరుక?"

"నన్ను గుంజుకపోయింది గద."

అమ్మ కరీంనగర్ దాటలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. బ్రష్షు పక్కన పెట్టి కింద కూర్చుంది.

"నీ నాయన దుబాయ్ పోయేటప్పుడు సాగదోల్తందుకు బొంబాయి పోయిన. సముద్రం జూపిస్త అని తోల్కపోయిండు. మోకాళ్ల దాక దిగిన్నో లేదో, ఒక్క అల అచ్చి కాళ్లు లేపేసింది. కండ్లల్ల ఉప్పు, నోట్లె ఉప్పు. మీదేదో కిందేదో తెల్వలే. నీ నాయన జుట్టు వట్టి గుంజిండు."

"మరి ఎన్నడు చెప్పలేదేందే?"

"ఆయన చెప్పనియ్యలే. గా ముచ్చట తీస్తె మొఖం తెల్లవడేది. అప్పుడు నువ్వు కడుపుల ఉంటివి."

చిన్నప్పుడు చెరువులో ఈత నేర్చుకుంటానంటే నాన్న నా మీద చెయ్యెత్తినంత పని చేసేవాడు. అంత కోపమెందుకో అడుగుదామంటే ఇప్పుడాయన లేడు.

ఒలికిన టీ తుడిచి, తెల్ల రంగు తీశాను. "నురుగు ఎక్కడ?" అంటే అమ్మ వేలితో చూపించింది. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి పూర్తి చేశాం.

బొమ్మ ఫోటో పంపితే చూసి డాక్టరమ్మ, "జర భయమైతుంది టీచర్," అంది. ఆమెకు మెత్తటి నీలంలో ఇంకొకటి వేసిచ్చాను. అమ్మ వేసిన అల మాత్రం మా ముందు గదిలోనే ఉంది. అమ్మ వచ్చినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చుని అన్నం తింటుంది.