నీళ్లు ముట్టని గాడిద

1958 ఎండాకాలంలో నన్ను నకిరేకల్ పశువుల దవాఖానకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదా పేరు పెద్దదే కానీ, అక్కడ ఉన్నది నేనూ ఒక కాంపౌండరూ. ఎద్దులకు, బర్రెలకే మా చేతులు చాలేవి కావు. గాడిదను దవాఖానకు తెచ్చేవాళ్లు అరుదు. అందుకే కట్టంగూర్ వైపు పల్లె నుంచి ఊరి బందోబస్తు చూసే పోలీసు పటేలు, చాకలి సాయిలు కలిసి ఒక ఆడగాడిదను తాళ్లతో గుంజుకొచ్చిన రోజు బాగా గుర్తుంది.

వీపు మీద బట్టల మూట సర్దుతుంటే అది సాయిలు భార్య లచ్చమ్మ చేయి కొరికింది. అంతకుముందే ఆ ఊళ్లో పిచ్చికుక్క తిరిగింది. ఇంకేముంది, ఊరు ఊరంతా బెంబేలెత్తింది. పటేలు లైసెన్సు తుపాకీతో సహా వచ్చాడు. "గిది వచ్చే తొవ్వల నీళ్లు జూసి ఎనకకు గుంజింది. పిచ్చి గాకపోతె ఏంది? మీరు ఊఁ అనుండ్రి, ఈడ్నే కాల్చేస్త" అన్నాడు. సాయిలు మాత్రం ఒకటే అడిగాడు: "సారూ, గిది పిచ్చిదైతె నా పెండ్లాం బతుకదా?"

నాకు ఒళ్లు మండింది. కాల్చేస్తే తేలేదేముంది? కరిచిన జంతువును చంపకుండా విడిగా కట్టి పది రోజులు చూడాలని రూలు. పిచ్చి ఉంటే ఆలోపే చస్తుంది. చావకపోతే, కరిచిన నాటికి దాని చొంగలో విషం లేనట్టే. పటేలుకు ఆ మాట చెప్పి తుపాకీ బయట పెట్టించాను. లచ్చమ్మను మనుషుల దవాఖానకు పంపి, బొడ్డు చుట్టూ పొడిచే సూదులు మొదలుపెట్టించాను.

గాడిదకు దవడ వేలాడటం లేదు, చొంగ కారడం లేదు, వెనక కాళ్లు తూలడం లేదు. వీపు మీద చేయి వేస్తే మాత్రం చర్మం వణికింది. వెంట్రుకల కింద పెద్ద పుండు! గుర్రమైతే మొదటి రోజే ఎగిరి తన్నేది. గాడిద నొప్పిని దిగమింగుకుని నిలబడుతుంది, భరించలేని రోజున పళ్లకు పని చెబుతుంది. భయం వేస్తే గుర్రం పరుగెడుతుంది, గాడిద ఉన్నచోటే బిగుసుకుపోతుంది. దాన్ని మొండితనమనుకుని మనం దాని పేరుతో పిల్లల్ని తిడతాం. సరే, కొరికిన కారణం దొరికింది. నీళ్ల సంగతే తేలలేదు.

గాడిదకు నీళ్ల విషయంలో మహా పట్టింపు. దవాఖాన తొట్టి ఫినైల్ వాసన వేస్తోందని, కొత్త మట్టి బానలో బావి నీళ్లు పోయించాను. వాసన చూసి తల తిప్పుకుంది. గడ్డీ ముట్టలేదు. మర్నాడూ అంతే. పిచ్చి ముదిరితే గొంతు పడిపోయి మింగలేకపోవడం ఉంటుంది. నా ధైర్యమూ సడలింది. అప్పుడు సాయిలును అడిగాను, దీనికి జత ఉందా అని.

"ఉన్నది సారూ, మగది. గిది ఇటు వచ్చినకాడ్నుంచి అది ఇంటికాడ ఒర్రుడే ఒర్రుడు. చుట్టుపక్కలోళ్లు తిడుతుండ్రు."

తోలుకురమ్మన్నాను. సంగతి కనుక్కోవడానికి మళ్లీ వచ్చిన పటేలు పకపకా నవ్వి, "గాడిదలకు సుత బెంగ ఉంటదా డాక్టర్ సాబ్?" అన్నాడు.

మగదాన్ని కంచె బయట, మూతి అందనంత దూరంలో కట్టించి, వేరే బానలో నీళ్లు పెట్టించాను. అది తాగింది. ఆడది చెవులు నిక్కించి చూసింది. తర్వాత తన బానలో మూతి పెట్టి గుటగుటా తాగింది. ఒక్కో గుటకా గొంతు దిగుతుంటే హమ్మయ్య అని అక్కడే గట్టు మీద కూలబడ్డాను. "తాగుతాంది సారూ, తాగుతాంది!" అని సాయిలు కేకేశాడు.

గడువు నిండేదాకా దాన్ని వదల్లేదు. పుండుకు మందు రాస్తూ వచ్చాం. గాడిద నిక్షేపంగా ఉందని నేను రాసివ్వగానే లచ్చమ్మకు సూదులు ఆపేశారు. ఆమె వచ్చి దాని చెవి మెలేసి, "పుండు మీద మూటలేసింది నా మొగుడైతె, కొరుకుడు నన్నానె?" అంది. సాయిలు తలొంచుకుని నవ్వాడు.

ఆ తర్వాత ఏ గాడిదను పరీక్షకు పిలిపించినా దాని జతను కూడా తెమ్మని రాసేవాణ్ని. తోటి డాక్టర్లు నవ్వేవారు. నవ్వనీ. ఒంటరిగా కట్టేసిన గాడిదలో కనిపించేది సగం రోగం, సగం దిగులు. ఏది ఏదో విడదీయకముందే రోగానికి పేరు పెడితే, ఆ పేరు తుపాకీ దాకా పోతుంది.